బీఎంఐ 32 వచ్చింది, అద్దంలో చూస్తే అలా లేను. లెక్క ఎక్కడ తప్పింది?

పొద్దుటి_నడక · సోమవారం, రాత్రి 10.42

అందరికీ నమస్కారం. ఆఫీసులో ఆరోగ్య పరీక్షల ఫారం ఇచ్చి, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె) మీరే లెక్క వేసి రాయండన్నారు. ఫోన్‌లో ఒక కాలిక్యులేటర్ తెరిచి ఎత్తు 5.10, బరువు 78 కిలోలు అని కొట్టాను. 32.3 అని ఎర్రటి అక్షరాల్లో వచ్చింది. కింద ‘ఊబకాయం’ అని కూడా రాసింది. గుండె గుభేలుమంది. నా వయసు 41. పొట్ట కాస్త ఉన్న మాట నిజమే గానీ, నన్ను చూసి లావాటి మనిషి అని ఇంతవరకు ఎవరూ అనలేదు. మూడుసార్లు కొట్టాను, మూడుసార్లూ అదే అంకె. తప్పు ఆ కాలిక్యులేటర్‌దా, నాదా? టెన్షన్‌తో నిద్ర పట్టేలా లేదు.

వెన్నెల_కిటికీ · సోమవారం, రాత్రి 10.58

రాత్రి పదిన్నరకి బీఎంఐ చూసుకోవడమే మొదటి తప్పండీ. పడుకోండి. పొద్దున్నే మాస్టారు వస్తారు, ఆయన తేలుస్తారు.

లెక్కల_మాస్టారు · మంగళవారం, ఉదయం 5.31

వచ్చాను. మీ బరువులో తప్పు లేదు, మీరు పెట్టిన చుక్కలో ఉంది.

మీ ఎత్తు ఐదడుగుల పది అంగుళాలు, అవునా? దాన్ని మనం నోటితో ‘ఫైవ్ పాయింట్ టెన్’ అనేస్తాం. కానీ అడుగుకి 12 అంగుళాలు, 10 కాదు. యంత్రానికి 5.10 అన్నా 5.1 అన్నా ఒకటే. అంటే ఐదడుగులూ, ఇంకో అడుగులో పదో వంతూ. సెంటీమీటర్లలో 155.4. మీ అసలు ఎత్తు 177.8. ఒక్క చుక్కతో మీరు 22 సెంటీమీటర్లు పొట్టివారైపోయారు! ఆ ఎత్తుకి 78 కిలోలంటే అది ఊబకాయం అనక ఏమంటుంది పాపం.

సరైన లెక్క ఇది. బరువు కిలోల్లో, ఎత్తు మీటర్లలో పెట్టుకుని, బరువుని ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. మామూలు కాలిక్యులేటర్ మీద వరసగా నొక్కండి: 78 ÷ 1.778 ÷ 1.778. వచ్చేది 24.67. బ్రాకెట్లు, వర్గాలు ఏమీ అక్కర్లేదు.

ఐదడుగుల పదకొండుకీ ఇదే గండం. ఐదడుగుల నాలుగు, ఐదు వాళ్లకి తేడా మూడు సెంటీమీటర్లలోపే కాబట్టి తప్పు బయటపడదు. అందుకే అసలు అడుగుల జోలికే వెళ్లకండి. సెంటీమీటర్లలో కొలిచి ఒకచోట రాసిపెట్టుకోండి.

సముద్రం_అవతల · మంగళవారం, ఉదయం 6.15

మా దగ్గర అన్నీ పౌండ్లు, అంగుళాలే. వాటితో చేయాలంటే: పౌండ్లని అంగుళాలతో రెండుసార్లు భాగించి 703తో హెచ్చించాలి. మీ 78 కిలోలు సుమారు 172 పౌండ్లు, ఎత్తు 70 అంగుళాలు. వేసి చూశాను, 24.68. మాస్టారి లెక్కకి వెంట్రుకవాసి తేడా.

పొద్దుటి_నడక · మంగళవారం, ఉదయం 7.02

మాస్టారూ, మీకు వెయ్యి దండాలు. రాత్రంతా అటూ ఇటూ దొర్లాను. 24.67 అంటే 25 లోపే కదా, నార్మల్ అనే రాసి ఉంది. ఒడ్డున పడ్డాను. ఇక ఈ చర్చ మూసేయొచ్చు.

నైట్_డ్యూటీ · మంగళవారం, ఉదయం 8.40

ఇప్పుడే డ్యూటీ దిగి వచ్చాను. సంతోషం మీద నీళ్లు చల్లుతున్నానని అనుకోకండి గానీ, అప్పుడే మూసేయకండి. ఇరవై ఏళ్లుగా నర్సుగా చేస్తున్నాను, ఈ ‘25 లోపే కదా’ అన్న మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

18.5 కంటే తక్కువైతే బరువు తక్కువ, 18.5 నుంచి 24.9 సాధారణం, 25 నుంచి అధిక బరువు, 30 నుంచి ఊబకాయం. ఇవి ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ కలిపి పెట్టిన గీతలు. కానీ ఆసియా వాళ్లకి, ముఖ్యంగా మన దక్షిణాసియా వాళ్లకి, అదే బీఎంఐ దగ్గర ఒంట్లో కొవ్వు ఎక్కువ ఉంటుంది. షుగర్, గుండె జబ్బులు తక్కువ బరువుకే మొదలవుతాయి. అందుకని 2004లో ఆ సంస్థ నిపుణులే పాత గీతల్ని అలాగే ఉంచి, ఆసియా జనాభా కోసం 23 దగ్గర, 27.5 దగ్గర అదనంగా హెచ్చరిక గీతలు పెట్టారు. భారతీయుల విషయంలో 2009లో వైద్య నిపుణులు కూర్చుని ఇంకాస్త గట్టిగా, 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని తేల్చారు.

ఆ లెక్కన మీరు 32తో ఊబకాయులూ కాదు, 24.67తో పూర్తిగా సేఫూ కాదు. భయపడక్కర్లేదు. కానీ నడుము కొలిచారా?

ఇనుప_కడ్డీ · మంగళవారం, ఉదయం 9.55

మళ్లీ మొదలైంది. అక్కా, కోపం తెచ్చుకోవద్దు, కానీ ఈ బీఎంఐ ఒట్టి పనికిమాలిన లెక్క. నా ఎత్తు 172, బరువు 84. ఎనిమిదేళ్ల నుంచి బరువులు ఎత్తుతున్నాను. బీఎంఐ 28.4 వస్తుంది. మీ గీతల ప్రకారం నేను ఊబకాయుణ్ణి! కండకీ కొవ్వుకీ తేడా తెలియని లెక్కని పట్టుకుని జనాన్ని ఎందుకు హడలగొట్టడం?

వెన్నెల_కిటికీ · మంగళవారం, ఉదయం 10.10

ఈ వాదన ఎప్పుడొచ్చినా గమనిస్తుంటాను. ‘నాది కండ, కొవ్వు కాదు’ అనేవాళ్లు పది మంది. అందులో నిజంగా కండ ఉన్నవాళ్లు ఒక్కరు. తమ్ముడూ, నువ్వు ఆ ఒక్కడివే అయ్యుంటావులే.

లెక్కల_మాస్టారు · మంగళవారం, మధ్యాహ్నం 1.20

కడ్డీ తమ్ముడి మాటలో సగం నిజం ఉంది. ఈ సూత్రం ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే ఆ సగం ఎందుకు నిజమో తెలుస్తుంది.

దీన్ని కనిపెట్టినవాడు డాక్టరే కాదు. 1830ల్లో బెల్జియంకి చెందిన అడాల్ఫ్ కెట్లే అనే ఖగోళ, గణాంక శాస్త్రవేత్త. ఆయనకి ఊబకాయం గొడవే లేదు. ‘సగటు మనిషి’ ఎలా ఉంటాడన్నది ఆయన పట్టు. వేలమంది కొలతలు పోగేసి చూస్తే పెద్దవాళ్లలో బరువు ఇంచుమించు ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతోందని తేలింది. అంతటితో వదిలేశాడు. సుమారు 140 ఏళ్ల తర్వాత, 1972లో, అమెరికా పరిశోధకుడు ఏన్సెల్ కీస్ బృందం ఐదు దేశాల్లో ఏడు వేలమందికి పైగా మగవాళ్ల కొలతలతో రకరకాల సూత్రాల్ని పోల్చి, ఉన్నవాటిలో ఇదే కాస్త నయమని చెప్పి బీఎంఐ అన్న పేరు పెట్టింది. గొప్ప సూత్రమని వాళ్లూ అనలేదు. పెద్ద జనాభాని అంచనా వేయడానికి పుట్టిన పనిముట్టు ఇది. దాన్ని ఒక్కొక్క మనిషి మెడకి కట్టింది మనమే.

గీతల సంగతీ అంతే. 1998 దాకా అమెరికాలో అధిక బరువు గీత మగవాళ్లకి 27.8, ఆడవాళ్లకి 27.3. ఆ ఏడాది దాన్ని 25కి దించారు. ఒక్క గ్రాము పెరగకుండానే రెండున్నర కోట్లమందికి పైగా రాత్రికి రాత్రి అధిక బరువు వాళ్లయిపోయారు. అలాగని గీత గాల్లో గీసింది కాదు, జబ్బుల లెక్కలు చూసే గీశారు. కానీ 24.9 దగ్గర ఒక ఒంట్లో, 25.1 దగ్గర వేరే ఒంట్లో ఉన్నట్టు బెంగపడటం మాత్రం అర్థం లేని పని.

ఇక తమ్ముడు చెప్పని సగం. బీఎంఐ కండ ఉన్నవాణ్ణి తప్పుగా పట్టుకోవడం కంటే, కొవ్వు ఉన్నవాణ్ణి వదిలేయడం ఎక్కువ. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్లు పక్కపక్కన నిలబడి ఫోటో వేయించుకున్నారు. ఒకరు భారతీయుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, రెండోవారు బ్రిటన్‌కి చెందిన జాన్ యూడ్కిన్. ఇద్దరి బీఎంఐ సరిగ్గా 22.3. కొవ్వు కొలిస్తే యూడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. రెట్టింపు కంటే ఎక్కువ! ఒకే అంకె, రెండు వేర్వేరు ఒళ్లు. సన్నగా కనబడే మన ఒంట్లో కొవ్వు పొట్టలోపల, కాలేయం చుట్టూ దాక్కుంటుంది. వెయిట్ మెషిన్‌కి అది కనబడదు.

చిన్నాడి_అమ్మ · మంగళవారం, మధ్యాహ్నం 2.45

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఇదంతా చదివి మా వాడికి లెక్క వేశాను. ఎనిమిదేళ్లు, 128 సెంటీమీటర్లు, 24 కిలోలు. 14.6 వచ్చింది! 18.5 కంటే తక్కువైతే బరువు తక్కువ అన్నారుగా. మరీ ఇంత తక్కువా? చెంగుచెంగున గంతులేస్తూనే ఉంటాడు. ఎవరికైనా చూపించాలా?

నైట్_డ్యూటీ · మంగళవారం, మధ్యాహ్నం 3.05

అమ్మా, ముందు ఊపిరి పీల్చుకోండి. 18.5 గీత పెద్దవాళ్లది, పిల్లలకి పనికిరాదు.

పిల్లల బీఎంఐ వయసుతో పాటు మారుతుంది. పుట్టిన ఏడాదిలో పెరిగి, తర్వాత తగ్గుతూ వచ్చి, ఐదారేళ్ల దగ్గర అన్నిటికంటే కిందికి దిగి, అక్కడినుంచి మళ్లీ పైకెక్కుతుంది. అందుకే వాళ్లకి వయసునీ, ఆడామగా తేడానీ బట్టి వేరే చార్టులుంటాయి. పర్సంటైల్ అంటారు. అదే వయసు పిల్లలు వందమందిని బీఎంఐ తక్కువ నుంచి ఎక్కువకి వరసగా నిలబెడితే మీవాడు ఎన్నో స్థానంలో ఉంటాడన్నమాట. అమెరికా చార్టులో 5 నుంచి 85 లోపు మామూలు, 85 నుంచి 95 దాకా అధిక బరువు, 95 దాటితే ఊబకాయం. ఎనిమిదేళ్ల మగపిల్లల్లో మధ్యస్థం 16కి కాస్త తక్కువ. మీవాడి 14.6 మధ్యకి కొంచెం దిగువన ఉన్నా, మామూలు పరిధిలోనే ఉంది.

ఒక్కసారి వచ్చిన అంకె కంటే గీత ఎటు పోతోందన్నదే మేం చూస్తాం. ఆరునెలలకోసారి ఎత్తు, బరువు రాసిపెట్టండి. ఉన్న గీత మీదే సాగుతుంటే దిగులు లేదు. ఒక్కసారిగా కిందికి జారినా, పైకి ఎగబాకినా పిల్లల డాక్టర్‌కి చూపించండి.

చిన్నాడి_అమ్మ · మంగళవారం, మధ్యాహ్నం 3.11

బతికించారు. ఇంకో పావుగంటైతే వాడికి బలవంతంగా తినిపించడం మొదలుపెట్టేదాన్ని.

రెండో_నెల · మంగళవారం, సాయంత్రం 4.30

గర్భిణులకి ఎలా చూడాలండీ?

నైట్_డ్యూటీ · మంగళవారం, సాయంత్రం 4.52

ఇప్పటి బరువుతో వేయకండి. గర్భం రాకముందు బరువుతో వేసిన బీఎంఐనే తీసుకుంటారు. దాన్ని బట్టి తొమ్మిది నెలల్లో ఎంత పెరగాలో నిర్ణయిస్తారు. మామూలు బీఎంఐ ఉన్నవాళ్లకి సాధారణంగా 11.5 నుంచి 16 కిలోలు అంటారు. ముందు నుంచే బరువు ఎక్కువున్నవాళ్లకి అంతకంటే తక్కువ. మీ అంకె మీ డాక్టరే చెప్పాలి.

పొద్దుటి_నడక · మంగళవారం, సాయంత్రం 6.20

అక్కా, పొద్దున మీరు నడుము అడిగారు. నా ప్యాంటు సైజు 34. అంటే 86 సెంటీమీటర్లు. బాగానే ఉన్నట్టేగా?

నైట్_డ్యూటీ · మంగళవారం, సాయంత్రం 6.48

ప్యాంటు సైజు నడుము కొలత కానే కాదు. మగవాళ్లు ప్యాంటు పొట్ట కింద కట్టుకుంటారు, పొట్ట బెల్టు మీదుగా బయటికి చూస్తుంటుంది. కంపెనీలు కూడా 34 అని రాసి అంతకంటే వదులుగానే కుడతాయి.

చొక్కా తీసేసి నిలబడండి. పక్కన చేత్తో తడిమితే చివరి పక్కటెముక తగులుతుంది, దానికింద తుంటి ఎముక పైఅంచు తగులుతుంది. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యన టేపు చుట్టాలి. ముందూ వెనకా నేలకి సమాంతరంగా ఉండాలి. చర్మాన్ని తాకాలి గానీ నొక్కకూడదు. మామూలుగా ఊపిరి వదిలేసి, వదిలిన చివర్లో అంకె చూడండి. పొట్ట లోపలికి లాక్కోవడం నిషేధం! రెండుసార్లు కొలవండి. దక్షిణాసియా మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

టేపు లేకపోతే దారం చాలు. మీ ఎత్తంత దారం కత్తిరించి, సగానికి మడవండి. ఆ సగం మీ నడుము చుట్టూ తిరిగి కొసలు కలవాలి. నడుము ఎత్తులో సగం దాటకూడదన్న ఈ సూత్రాన్ని బ్రిటన్‌లో వైద్య సూచనలిచ్చే నైస్ సంస్థ కూడా 2022లో తన సూచనల్లో చేర్చింది, బీఎంఐ 35 లోపు ఉన్నవాళ్లకి.

పాత_సభ్యుడు · మంగళవారం, రాత్రి 8.15

నాకూ ఒక చిక్కుముడి ఉంది. మా అమ్మకి 70 దాటాయి. బరువు ఇరవై ఏళ్లుగా 55 దగ్గరే ఉంది, అటూ ఇటూ కదల్లేదు. కానీ బీఎంఐ అప్పట్లో 23.8, ఇప్పుడు 25.5. తిండి పెరగలేదు, బరువు పెరగలేదు, అంకె ఎలా పెరిగింది?

లెక్కల_మాస్టారు · మంగళవారం, రాత్రి 8.40

అమ్మగారి ఎత్తు ఇప్పుడు కొలిచారా? అప్పుడు 152 ఉండి, ఇప్పుడు 147 అయ్యుండాలి. లెక్క సరిగ్గా అక్కడికే వస్తోంది. వయసు మీద పడ్డాక వెన్నుపూసల మధ్య మెత్తదనం తగ్గి, వెన్ను వంగి, మనిషి కుంచించుకుపోతారు. ఎత్తు రెండుసార్లు భాగిస్తుంది కాబట్టి ఐదు సెంటీమీటర్లు తగ్గినా అంకె బాగా కదులుతుంది.

పాత_సభ్యుడు · మంగళవారం, రాత్రి 8.44

ఇప్పుడు కొలిచింది 147 అక్షరాలా! పాతది గుర్తులేదు గానీ, మీరన్నట్టే ఉంటుంది. మాస్టారూ, మీరు జ్యోతిష్యం కూడా చెబుతారా?

నైట్_డ్యూటీ · బుధవారం, ఉదయం 8.30

అన్నగారూ, ఐదు సెంటీమీటర్లు తగ్గడం మామూలు సంగతి కాదు. ఎముకలు గుల్లబారాయేమో ఒకసారి డాక్టర్‌కి చూపించండి. బీఎంఐ గొడవ పక్కన పెట్టండి. ఈ వయసులో బరువు అంతే ఉన్నా లోపల కండ కరిగి కొవ్వు చేరుతూ ఉండొచ్చు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవగలుగుతున్నారా అన్నది నాకు ఆ 25.5 కంటే ఎక్కువ చెబుతుంది. 25 దాటిందని పెద్దావిడ తిండి మాత్రం తగ్గించకండి.

ఇనుప_కడ్డీ · బుధవారం, మధ్యాహ్నం 12.05

మాస్టారూ, ఒక సందేహం. వర్గమే ఎందుకు? ఒక పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు రెట్టింపు చేస్తే బరువు ఎనిమిది రెట్లవుతుంది. అంటే ఘనం రావాలి కదా?

లెక్కల_మాస్టారు · బుధవారం, మధ్యాహ్నం 1.50

మంచి ప్రశ్న వేశావు, నిన్నటి కోపం పోయింది.

మనుషులు పెట్టెల్లా పెరగరు. పొడుగాటివాళ్లు ఆ నిష్పత్తిలో వెడల్పు కారు, కాస్త సన్నంగా సాగుతారు. అందుకే అసలు ఘాతం రెండుకీ మూడుకీ మధ్య ఎక్కడో ఉంటుందని చాలామంది వాదన. 2013లో ఆక్స్‌ఫర్డ్ గణిత శాస్త్రవేత్త నిక్ ట్రెఫెథెన్ ఇంకో సూత్రం ప్రతిపాదించారు: బరువుని 1.3తో హెచ్చించి, ఎత్తు రెండున్నర ఘాతంతో భాగించాలి. పాత సూత్రం పొడుగువాళ్లని ఉన్నదానికంటే లావుగా, పొట్టివాళ్లని ఉన్నదానికంటే సన్నగా చూపిస్తోందని ఆయన అభిప్రాయం. దీనితో నడక గారి 24.67 కాస్తా 24.1 అవుతుంది. 152 సెంటీమీటర్లు, 55 కిలోలైతే 23.8 కాస్తా 25.1కి ఎక్కుతుంది. సరిగ్గా 169 సెంటీమీటర్ల ఎత్తువాళ్లకి రెండు సూత్రాలూ ఒకే జవాబిస్తాయి. 1.3 వర్గం 1.69 కదా, అదీ కిటుకు. ఆసుపత్రుల్లో మాత్రం పాతదే నడుస్తోంది. తల మీద కాలిక్యులేటర్ పెట్టుకుని తిరగం కదా.

ఇంకో చిన్న ఉపాయం. మీ ఎత్తుని మీటర్లలో వర్గం చేస్తే వచ్చే అంకె, మీ బీఎంఐలో ఒక్క పాయింటుకి ఎన్ని కిలోలో చెబుతుంది. నడక గారికి 3.16. ఆయన 25 గీత 79 కిలోల దగ్గర, 23 గీత 72.7 దగ్గర ఉన్నాయి. రోజూ పొద్దున్నే మెషిన్ ఎక్కి అరకిలో తేడాకి దిగాలు పడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే చాలు. ఆయన ఎత్తుకి అరకిలో అంటే పాయింటులో ఆరో వంతు కూడా లేదు.

ఇనుప_కడ్డీ · బుధవారం, రాత్రి 9.30

దారం పరీక్ష చేశాను. కొసలు కలిసి ఇంకా మిగిలింది. టేపుతో 82. సగం ఎత్తు 86. బీఎంఐ పనికిమాలినదన్న మాట వెనక్కి తీసుకోను గానీ, నడుము అడగడం సబబే అక్కా.

వెన్నెల_కిటికీ · బుధవారం, రాత్రి 9.41

చెప్పానుగా, ఆ ఒక్కడివే నువ్వు.

పొద్దుటి_నడక · ఆదివారం, ఉదయం 9.15

నాలుగు రోజులు ఇటు రాలేదు, కారణం ఉంది. బుధవారం రాత్రి నేనూ దారం పట్టుకున్నాను. గోడకి మడమలు ఆనించి నిలబడితే మా ఆవిడ తల మీద అట్ట పెట్టి ఎత్తు గీసింది. 177.8 నిజమేనని తేలింది. ఆ ఎత్తుకి దారం కత్తిరించి, మడిచి, బొడ్డు మీదుగా చుట్టుకున్నాను. కొసలు కలవలేదు. నాలుగు వేళ్ల సందు మిగిలిపోయింది. ఎంత లాగినా అంతే. మా ఆవిడ ఏమీ అనలేదు, ఆ సందులో నాలుగు వేళ్లు పెట్టి చూపించింది.

టేపుతో 96. ప్యాంటు 34, నడుము 96!

మర్నాడే వెళ్లి పరగడుపు షుగర్ చేయించుకున్నాను. 108. డాక్టర్ మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా రాశారు, 5.9 వచ్చింది. షుగర్ ఇంకా రాలేదు గానీ గుమ్మంలో నిలబడి ఉందన్నారు. మందులేం రాయలేదు. నాలుగైదు కిలోలు తగ్గి, మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నారు. నా బీఎంఐ చూసి ‘ఇది చూస్తే మిమ్మల్ని నేనూ పంపించేసేవాణ్ణి’ అన్నారాయన.

నైట్_డ్యూటీ · ఆదివారం, ఉదయం 9.40

సరైన టైంలో చూసుకున్నారు. బరువులో ఐదు శాతం తగ్గినా షుగర్ మీద తేడా కనబడుతుంది, మీకు అది నాలుగు కిలోలు. బీఎంఐ 23.4 దగ్గర ఆగుతుంది. ఆ అంకె చూసి నిరుత్సాహపడకండి. నెలకోసారి దారం చుట్టుకోండి, సందు ఎన్ని వేళ్లకి వచ్చిందో ఇక్కడ రాయండి. పేరులో నడక ఉందిగా, నిజంగా నడుస్తున్నారా?

పొద్దుటి_నడక · ఆదివారం, ఉదయం 9.52

పేరు పెట్టుకుని మూడేళ్లయింది. నడక గురువారం నుంచి మొదలైంది.

కొత్తగా_చేరాను · ఆదివారం, సాయంత్రం 7.18

నమస్తే అండీ. నా ఎత్తు 5.11, బరువు 70. బీఎంఐ 28.9 అంటోంది. చూడ్డానికి బక్కగా ఉంటాను. ఏం చేయాలి?

పొద్దుటి_నడక · ఆదివారం, సాయంత్రం 7.20

తమ్ముడూ, ముందు ఆ చుక్క తీసెయ్. తర్వాత దారం తెచ్చుకో.